మూడో గండి

"ఆ ఎర్రగుడ్డ పీకించింది మీరేనండీ! మీరే! కాదంటారా? కాదంటే నా కోడలి కాలు చూసి అనండి ఆ మాట!"

రహీమా గడపకు అడ్డంగా నిలబడింది. అవతల హనుమంతరావు ఒక చెప్పు విడిచి, రెండోది విడవాలో వద్దో తేలక ఆగిపోయాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి. వెనక, సైకిల్ షాపు ముందు, ఆయన తెల్లకారు సగం వీధిని మింగేసి నిలబడి ఉంది.

"మీరు పెద్దవారు రహీమమ్మగారూ. అలా కేకలేస్తే బీపీ పెరుగుతుందండీ. లోపలికెళ్ళి మాట్లాడుకుందాం."

"నా బీపీ సంగతి మీకెందుకండీ? సత్తిరాజు మీ చెరువు కాపలావాడే కదా? మూడో గండిలో విరిగిన తూము ఇనుము ఉందని కర్రకి ఎర్రగుడ్డ కట్టి పాతాడా లేదా? శనివారం సాయంత్రం మీరు దాన్ని పీకించారా లేదా?"

"ఫోటోలవాళ్ళు వస్తున్నారని ట్రాక్ శుభ్రం చేయించామండీ. ఎవరు ఏం పీకారో నాకెలా తెలుస్తుంది?"

"శుభ్రమా! ఎండిపోయిన గండిలోకి చేపల మేతకి వేసిన కోళ్ళపెంట కలిసిన చెరువు నీళ్ళు మోకాలిలోతు వదిలించడం శుభ్రమా అండీ?"

ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. హనుమంతరావుకి అది నచ్చలేదు. రెండో చెప్పు కూడా విడిచి, రహీమా పక్కనుంచి ఒద్దికగా ఒంగి లోపలికి వచ్చేశాడు. పందేల కమిటీ పెద్దలకు ఈ విద్య బాగా వచ్చు. తిడితే వినపడనట్టే ఉంటారు. నమస్కారం పెడుతూనే ఇంట్లో దూరతారు.

ముందు గదిలో మంచం మీద తహసీన్ ఉంది. ఎడమకాలు రెండు దిళ్ళ మీద ఎత్తిపెట్టారు, పైన పల్చటి దుప్పటి. కిటికీలో నాలుగు అగరొత్తులు కాలుతున్నాయి. ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది. హనుమంతరావు రుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

తహసీన్ చూసింది.

"కంపు కొడుతోందాండీ?"

"అబ్బే. ఎండగా ఉంది కదమ్మా."

"మాకూ కొడుతోందండీ. ఆదివారం నుంచి ఈ శుక్రవారం దాకా. అలవాటైపోయింది. మీ చెరువు వాసనే కదా."

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంటికీ షాపుకీ మధ్య గుమ్మంలో నౌషాద్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో సైకిల్ చక్రం. బెండు తీస్తున్నాడు. చక్రం ఎప్పుడో తిన్నబడింది. అయినా తిప్పుతున్నాడు, ఆపుతున్నాడు, ఒక పుల్ల బిగిస్తున్నాడు, మళ్ళీ వదులు చేస్తున్నాడు. తల్లి అన్ని కేకలు వేసినా తలెత్తలేదు.

"ఏమయ్యా నౌషాదూ, మాట్లాడవేం?" అన్నాడు హనుమంతరావు.

"ఆయ్. మీరు చెప్పండి."

హనుమంతరావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. సంచిలోంచి రెండు పసుపు బనియన్లు తీసి మంచం అంచున పరిచాడు. రెంటి మీదా పెద్ద ఒకటో నంబరు.

"సెమీఫైనల్స్‌లో ఫస్టు వచ్చిన జంటకి ఒకటో నంబరు. నేనే దగ్గరుండి కుట్టించాను. ఈ ఏలూరులో మొగుడూపెళ్ళాం కలిసి సైకిల్ ఎక్కి ఇంత పేరు తెచ్చుకున్నది మీరొక్కరే కదండీ. పుణెలో పోటీలకి పంపేది కూడా ఫైనల్స్ కొట్టిన జంటనే."

పోస్టర్ల మీద 'జంటల సైక్లోక్రాస్' అని వేయించారు. జనం నోట్లో మాత్రం అది బురద పందెం. భార్యాభర్తలు చెరో సైకిలూ ఎక్కి చేపల చెరువుల గట్ల మీద తొక్కాలి. గట్టు తెగి గండి పడ్డచోట దిగి, సైకిల్ భుజాన వేసుకుని బురదలో పరుగెత్తి, అవతలి గట్టెక్కి మళ్ళీ తొక్కాలి. ఇద్దరిలో వెనక వచ్చిన మనిషి టైమే ఆ జంట టైము. కొల్లేటి చెరువుల గట్లు సర్కారు కొట్టేసి మూడేళ్ళు అయింది. పంటకీ చేపలకీ పనికిరాని ఆ తెగిన గట్లు హనుమంతరావుకి పందేలకి పనికొచ్చాయి.

"ఆదివారం ఫైనల్స్ కదా," అన్నాడాయన. "చిన్న మార్పండీ. తాడేపల్లిగూడెంలో పెట్టడం లేదు."

తహసీన్ మోచేతుల మీద లేవబోయింది. కాలు కదిలింది. పళ్ళ మధ్య ఊపిరి పీల్చి అలాగే ఆగింది.

"గూడెంలో కాదా?"

"అక్కడ నేల రాయిలా ఉందమ్మా. బురద లేకపోతే చూడ్డానికి ఎవడొస్తాడు? మన పెదపాడు గట్ల మీదే పెట్టేస్తున్నాం. పోయిన వారం జనం చూశావుగా, ట్రాక్టర్లెక్కి మరీ వచ్చారు."

తాడేపల్లిగూడెం తహసీన్ పుట్టిల్లు. ఆమె తండ్రి ఇమాం సాహెబ్ బేకరీ బన్నులు సైకిల్ మీద వేసుకుని ఊరంతా తిరిగేవాడు. ఆయనకు జ్వరం వస్తే పదమూడేళ్ళ తహసీన్ ఆ సైకిల్ ఎక్కేది. ఆడపిల్లకి ఇదేం పోయేకాలమని వీధి వీధంతా అంది. ఆ వీధిలోనే ఒక రోజు పందెం కొడతానని రెండేళ్ళుగా తెల్లవారుజామున మొగుడితో కలిసి గట్ల మీద ప్రాక్టీసు చేసింది.

"మూడో గండి ఉంటుందాండీ?" అంది.

"అదే కదమ్మా అసలు మజా."

"ఇనుము తీశారా?"

"నీళ్ళు తీస్తే గానీ కనపడదు. నీళ్ళు తీస్తే మళ్ళీ నింపడానికి ఎల్లుండికి అవదు. ఆ మూలకి తాడు కట్టిస్తాంలే."

"బురదలో పడ్డవాళ్ళు తాడు చూసి పడతారాండీ?"

హనుమంతరావు బనియన్ మడత సరిచేశాడు.

"నీకు ఈ స్థితిలో కుదరదని మాకూ తెలుసమ్మా. అందుకే ఆలోచించాం. పేరు నీదే, నంబరు నీదే. తలకి హెల్మెట్, మొహానికి స్కార్ఫు. మీ ఆడపడుచు అర్షియా నీ అంత పొడుగు ఉంటుంది. తొక్కడం కూడా వచ్చు. ఎవరికీ తెలీదు. పుణె దాకా నీ పేరే వెళ్తుంది."

"నా బిడ్డనా!" రహీమా గడప వదిలి లోపలికి వచ్చింది. "కోడలి కాలు చాల్లేదు, కూతురి కాలు కూడా కావాలాండీ మీకు? పెళ్ళికాని పిల్లని మొగుడూపెళ్ళాల పందెంలో అన్నతో తొక్కిస్తారా? మీకు సిగ్గనిపించదా ఆ మాట అనడానికి?"

"ఊరికే పేరుకండీ..."

"మీ ఇంట్లో పిల్లకి కట్టండి ఆ స్కార్ఫు!"

తహసీన్ వీళ్ళెవరినీ చూడటం లేదు. మొగుణ్ణి చూస్తోంది. నౌషాద్ చక్రం ఆగిపోయింది.

"ఏవండీ. మీకిది ముందే తెలుసా?"

నౌషాద్ పుల్ల మీద వేలు పెట్టి గీశాడు.

"తెలుసా తెలీదా?"

"నిన్న ఫోన్ చేశారు."

"మీరేమన్నారు?"

ఆ ఇంట్లో జవాబు రాకపోతే అర్థం ఒకటే. సరే అన్నాడని.

అప్పుడే షాపు వైపు నుంచి అర్షియా వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వదిన కట్టు మార్చడానికి కత్తెర కోసం షాపులోకి వెళ్ళింది. కత్తెర తేలేదు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన ఆస్పత్రి చీటీ ఉంది. చీటీకి గ్రీజు మరక.

"భయ్యా, ఇది బేరింగు గోళీల డబ్బాలో ఎందుకుంది?"

నౌషాద్ చటుక్కున లేచాడు. చక్రం దొర్లుకుంటూ పోయి గోడకి తగిలి పడింది.

"ఇటివ్వు."

"ఇవ్వను. ఎందుకు దాచావు?"

"అర్షియా, ఇటివ్వమన్నానా!"

ఆమె మంచానికి అవతలి వైపు వెళ్ళి నిలబడింది. చీటీ విప్పి తెలుగులోకి మార్చుకుంటూ పైకి చదివింది.

"ఎడమ పాదం కుళ్ళుతోంది. మూడు వేళ్ళు వెంటనే తీసెయ్యాలి. శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోపు తీసుకురావాలి. ఆలస్యమైతే పాదం మొత్తం, ఇంకా ఆలస్యమైతే మోకాలి కింద దాకా. ప్రాణానికి కూడా ప్రమాదం. ఈ విషయం భర్తకు వివరించాం..." అర్షియా తలెత్తింది. "కింద నీ సంతకం ఉంది భయ్యా. నిన్నటి తేదీ."

గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

వీధిలో ఐస్ బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్ళాడు.

నిన్న ఆస్పత్రిలో కట్టు విప్పినప్పుడు తహసీన్‌కి మత్తు సూది వేశారు. సగం తెలివిలో ఉండగా డాక్టరు మొగుణ్ణి బయటికి పిలవడం చూసింది. నౌషాద్ తిరిగొచ్చి, 'పర్లేదంట, రోజూ కట్టు మారిస్తే చాలంట' అన్నాడు. ఆమె నమ్మింది. ఆ ధైర్యంతోనే రాత్రి రెండు ముద్దలు తింది కూడా.

"వేళ్ళా?" అంది తహసీన్. తన కాలు గురించి కాదు, పక్కింటివాళ్ళ విషయం అడుగుతున్నట్టు అడిగింది. "మూడా?"

"మళ్ళీ చూపిద్దామనుకున్నాను," అన్నాడు నౌషాద్. "సూదులు పడితే తగ్గుతుందేమో, ఆదివారం దాటాక..."

"ఆదివారం దాటాక?"

"నువ్వే కదా రెండేళ్ళుగా ఫైనల్స్ ఫైనల్స్ అన్నావు. వేళ్ళు పోతాయని చెబితే నువ్వేమైపోతావో అని..."

"నా కోసం దాచావా?"

'ఏవండీ', 'మీరు' అనడం ఆగిపోయింది. పెళ్ళైన ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆమె మొగుణ్ణి 'నువ్వు' అనడం వినలేదు. రహీమా కోడలి వైపు చూసింది. మందలించలేదు.

"నా కోసమా నౌషాద్? ఆదివారం కూడా నా కోసమే పరుగెత్తావా?"

"తహసీన్..."

"మూడో గండిలో పడ్డాను. ఇనుము ఇటు దిగి అటు వచ్చింది. 'కాలు, కాలు' అని అరిచాను. నువ్వు వెనక్కొచ్చావు. అబ్బ, వచ్చాడు అనుకున్నాను. వచ్చి ఏం చేశావు?"

నౌషాద్ గోడవైపు తిరిగాడు.

"చెప్పు. మీ అమ్మకి తెలీదు. చెప్పు."

"రూలు అది," అన్నాడు.

"ఆ రూలు మీ అమ్మకి చెప్పు."

హనుమంతరావే సర్దుకుని చెప్పాడు. "భార్య సైకిల్ భర్త మోయవచ్చండీ, భర్తది భార్య మోయవచ్చు. మనిషిని మనిషి మోయకూడదు. చెయ్యేసి లేపినా లేపినవాళ్ళ జంట పందెంలోంచి పోయినట్టే. లేకపోతే మొగుళ్ళు పెళ్ళాల్ని భుజానేసుకుని పరుగెత్తుతారు, పందెం పందెంలా ఉండదు కదండీ."

"విన్నారా అమ్మీ? నా మీద పడ్డ సైకిల్ తీశాడు. రెండు సైకిళ్ళూ రెండు భుజాల మీద వేసుకున్నాడు. 'లే తహసీన్, లే, ఇంకా రెండు గండ్లే' అని అరుస్తూ వెళ్ళిపోయాడు. జనం ఈలలు వేశారు. రెండు సైకిళ్ళు మోసే మొగుడు కదా! నన్ను లేపింది నాగదుర్గ. చింతలపూడి నుంచి వచ్చిన పిల్ల. మా వెనకాలే ఉంది. తన సైకిల్ బురదలో పడేసి, నా చంకల కింద చేతులేసి గట్టు మీదికి లాగింది. వాళ్ళాయన భానుప్రకాష్ కూడా వచ్చి పట్టాడు. వాళ్ళని పందెంలోంచి తీసేశారు. మాకు ఫస్టు ఇచ్చారు."

రహీమా మెల్లగా నేల మీద చతికిలపడింది.

"నువ్వు నడిచి వచ్చావు కదా," అన్నాడు నౌషాద్. "నడవగలిగావు కాబట్టి చిన్న దెబ్బే అనుకున్నాను. ఆ తర్వాత రెండు గండ్లూ నువ్వే దాటావు కదా..."

"దాటాను. అది నా తప్పే. ఫస్టు అనగానే కాలు మర్చిపోయాను. అది నీ మీద తొయ్యను."

హనుమంతరావు గొంతు సవరించుకున్నాడు. ఇంట్లోవాళ్ళు ఒకరినొకరు తప్పు పట్టుకోవడం మొదలెట్టగానే ఆయన మొహంలో రంగు తిరిగి వచ్చింది. అసలు దొంగలకి అదే కావాలి.

"ఇంటి విషయాల్లో నేను తలదూర్చకూడదు. కానీ అమ్మాయ్, న్యాయం మాట్లాడదాం. గండిలో ముప్ఫై మంది దిగారు, ఒకరిద్దరికి గీసుకుంది. ఇంకెవరి కాలైనా ఇలా అయిందా? లేదు. నీకే ఎందుకైంది?" నౌషాద్ వైపు చూశాడు. "నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"వద్దండీ," అన్నాడు నౌషాద్.

"నిన్న ఫోన్లో ఏడుస్తూ చెప్పావు కదయ్యా."

"వద్దండీ, మీకు దణ్ణం పెడతాను."

"సొల్యూషన్ పూశాడమ్మా. పంచరు వేసే సొల్యూషన్. దెబ్బని కడిగీ కడక్కుండా దాన్ని పూసి, పైన ట్యూబు ముక్క అంటించాడు. డాక్టరుగారు అడిగారంట, ఇది కాలనుకున్నావా టైరనుకున్నావా అని. గాలి తగలక లోపలిదంతా లోపలే కుళ్ళింది. నా చెరువు నీళ్ళు కాదు, నీ మొగుడి చేతి వైద్యం."

నౌషాద్ గుమ్మంలో కూలబడ్డాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు. గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు. బురదలో జారకుండా తహసీన్ సైకిల్ టైరుకి కొబ్బరితాడు చుట్టిన చేతులవి. భుజం ఒరుసుకోకుండా కడ్డీకి పాత ట్యూబు మెత్తగా చుట్టిన చేతులు. బూట్లు బురదలో ఊడిపోతాయి, ఉత్త కాళ్ళతో తొక్కితేనే పట్టు ఉంటుందని చెప్పిందీ అతనే. అతనికి తెలిసిన పనంతా ఆమె కోసం చేశాడు. తెలియని పని కూడా తెలిసిన దాంతోనే చేశాడు.

"పూసింది నిజమే," అంది తహసీన్. "కాలు చాపింది నేనే. సోమవారం ప్రాక్టీసుకి నీళ్ళు తగలకూడదని నేనే అంటించమన్నాను."

"మా ఇంట్లో ఎవరి చెయ్యి తెగినా అదే పూస్తామండీ," రహీమా నేల చూపులు చూస్తూ అంది. "మా ఆయన నలభై ఏళ్ళు పూసుకున్నాడు. రేకు కోసుకున్నా అదే, చైను నలిపినా అదే. మాకు అదే మందు. ఇలా అవుతుందని ఎవరు చెప్పారు మాకు?"

"షాపులో తెగిన చెయ్యి వేరు అమ్మీ," అర్షియా అంది. "కోళ్ళపెంట కుళ్ళిన నీళ్ళు లోపల పెట్టి మూత వేశాం మనం."

"నేనూ అదే అంటున్నాను కదమ్మా," అన్నాడు హనుమంతరావు.

"మీరు అనకండి." అర్షియా అంతకుముందెప్పుడూ పెద్దవాళ్ళకి అలా ఎదురు చెప్పి ఎరగదు. "మూత వేసింది మేము. లోపల పెట్టింది మీరు."

హనుమంతరావు లేవలేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం, పెన్ను తీశాడు. ముందే టైపు చేయించి తెచ్చాడు. అంటే ఈ మనిషికి కాలు సంగతి, ఐదు గంటల సంగతి గుమ్మంలోకి రాకముందే తెలుసు. తెలిసీ బనియన్లు ముందు తీశాడు.

"టైము పోతోంది. నేను శత్రువుని కాదు. బయట కారు ఉంది, ఏసీ కారు. బెజవాడలో పెద్ద డాక్టరుకి చెప్పి ఉంచాను. గంటన్నరలో ఉంటాం. వేళ్ళు కూడా తియ్యక్కర్లేదంటాడేమో, ఎవరికి తెలుసు? ఈ కాగితం మీద ఒక సంతకం చాలు."

"ఏముంది అందులో?" అంది తహసీన్.

"ఏం లేదమ్మా. ఇంటి దగ్గర ప్రాక్టీసులో తగిలిన దెబ్బ, సొంత వైద్యంతో ముదిరింది, కమిటీకి సంబంధం లేదు. అంతే. సగం నిజమే కదా."

"రెండో సగం?"

"కమిటీకి మచ్చ వస్తే పందేలే ఆగిపోతాయి. నీలాంటి ఆడపిల్లలకే నష్టం."

తహసీన్ ఒంగి, తన కాలి మీది దుప్పటి తీసేసింది. కట్టు మీద పచ్చటి మరక. కట్టు బయట కనిపిస్తున్న మూడు వేళ్ళు నల్లగా, ఎండిన చింతపండులా ఉన్నాయి. రహీమా మొహం కొంగులో దాచుకుంది. హనుమంతరావు కిటికీ వైపు తిరిగాడు.

"ఇటు చూడండి బాబాయిగారూ. చూసి చెప్పండి. ఇది ఇంటి దగ్గర తగిలిందా?"

ఆయన చూడలేదు.

నౌషాద్ లేచాడు. అందరూ అతను ఆయన్ని బయటికి పొమ్మంటాడనుకున్నారు. అతను నేరుగా వచ్చి, హనుమంతరావు చేతిలోని పెన్ను అందుకున్నాడు.

"నేను పెడతాను. కారు స్టార్ట్ చేయించండి."

"భయ్యా!"

"నువ్వు నోర్ముయ్! వేళ్ళు తియ్యక్కర్లేదంటున్నారు కదా! ఏ అబద్ధమైతే ఏంటి? నా తప్పే అని రాయమనండి, అంతా నా తప్పే అని రాయమనండి, పెడతాను! నాకు తహసీన్ కాలు కావాలి!"

"మంచి మాట," అన్నాడు హనుమంతరావు. కాగితం మంచం అంచున, పసుపు బనియన్ల మీద పెట్టాడు. "అర్షియా విషయం కారులో మాట్లాడుకుందాం."

ఆ ఒక్క మాటా ఆయన అనకుండా ఉండాల్సింది. నౌషాద్ చెయ్యి గాల్లో ఆగింది.

"పెన్ను కింద పెట్టు," అంది తహసీన్.

అరవలేదు. ఆయాసం వస్తోంది, చెక్కిళ్ళ మీద చెమట కారుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. అయినా ప్రతి మాటా విడివిడిగా వచ్చింది.

"నిన్న ఈ ఊళ్ళో డాక్టరు చూశాడు. ఐదింటిలోపు రమ్మన్నాడు. బెజవాడలో తియ్యక్కర్లేదంటాడని ఈయనకి ఎవరు చెప్పారు? నా వేళ్ళు పోయాయి నౌషాద్. ఆదివారమే పోయాయి. వాటి కోసం నువ్వు ఏ కాగితం మీద సంతకం పెట్టినా తిరిగి రావు. అర్షియా, చౌరస్తాలోంచి ఆటో పిలు. అమ్మీ, నా బుర్ఖా తీసి ఇవ్వండి. ముగ్గురం వెళ్తాం. అక్కడ సంతకం నేనే పెట్టుకుంటాను. నా కాలు, నా సంతకం. మళ్ళీ ఇంకెవరికో వివరించామని రాసుకోనివ్వను."

అర్షియా అప్పటికే వీధిలోకి పరుగెత్తింది.

"మరి నేను?" అన్నాడు నౌషాద్.

"నువ్వు రావద్దు."

"తహసీన్, తిట్టు, కొట్టు. కానీ అక్కడ నిన్ను బల్ల మీద పడుకోబెడతారు, నేను లేకుండా..."

"నువ్వు నా పక్కన ఏడుస్తూ కూర్చుంటే నాకేం ఒరుగుతుంది? ఎల్లుండి పదకొండు జంటలు దిగుతాయి ఆ గండిలో. ఇరవై రెండు మంది, అందరూ ఉత్త కాళ్ళతో. నిన్ను చూసే నేర్చుకున్నారు ఉత్త కాళ్ళ తొక్కుడు. వాళ్ళ కాళ్ళకి ఈయన తాడు కడతాడంట."

హనుమంతరావు లేచాడు. మెత్తదనం అంతా పోయింది. "అమ్మాయ్, అది నా చెరువు. నా మనుషులు లేకుండా తూము తలుపు మీద ఎవడు చెయ్యి వేసినా స్టేషన్లో కేసు అవుతుంది. సత్తిరాజు నిన్నటి నుంచి పనిలో లేడు. గట్టు మీద కొత్తవాళ్ళు నలుగురు ఉన్నారు. వాళ్ళకి మర్యాదలు తెలీవు. తర్వాత నన్ను అనవద్దు."

"విన్నావుగా," అంది తహసీన్ మొగుడితో. "నలుగురు ఉన్నారంట."

ఆటో వచ్చి ఆగింది. అడ్డంగా కారు ఉండడంతో గుమ్మం దాకా రాలేకపోయింది. రహీమా ఒక పక్క, అర్షియా ఒక పక్క పట్టుకుని తహసీన్‌ని లేపారు. కాలు నేలవైపు వాలగానే ఆమె కళ్ళు తేలేసింది. గడప దగ్గర తలుపు పట్టుకుని ఆగి, ఊపిరి కూడదీసుకుంది. నౌషాద్ ఎటు వెళ్ళాలో తెలియక గది మధ్యలో నిలబడి ఉన్నాడు. గడియారం రెండూ యాభై.

"ఇప్పుడు విను నౌషాద్. చీకటి పడ్డాక కాదు, రేపు కాదు. ఈ పూటే. సత్తిరాజు ఇంటికి వెళ్ళు, ఇనుము ఎక్కడెక్కడ ఉందో వాడికి తెలుసు, వాణ్ణి వెంటపెట్టుకో. తూము తలుపు ఎత్తు. నీళ్ళన్నీ పోయేదాకా అక్కడ నుంచి కదలకు. ఇనుము మొత్తం పీకు, ఒక్క ముక్క మిగలకూడదు. పదకొండు ఇళ్ళకీ వెళ్ళు, కామవరపుకోటలో ఉన్న జంట దాకా వెళ్ళు. ఈయన గుడ్డ పీకించాడని చెప్పు. నువ్వు సొల్యూషన్ పూశావని, నేను పూయించుకున్నానని కూడా చెప్పు, దాచకు. ఎవరి కాలు తెగినా కడుక్కుని డాక్టరు దగ్గరికే పొమ్మను. నలుగురు కొడతారా, కొట్టించుకో. కేసు పెడతారా, పెట్టించుకో. కానీ ముందు ఆ నీళ్ళు తియ్యి."